అరగంటలో బయటికి వచ్చేసే స్వేచ్ఛ

పోయిన నెలలో మా ఆఫీసులో కొత్తగా చేరిన అబ్బాయి ఒక షీట్ పంపాడు. "అక్కా, పెద్దగా ఖర్చు లేకుండా ఊళ్లో చూడదగ్గ మ్యూజియాలన్నీ రాశాను. ఏవైనా వదిలేసి ఉంటే చెప్పండి" అని కింద ఒక ముక్క. తెరిచి చూస్తే రెండు శనివారాలు, రెండు ఆదివారాలు, పదకొండు మ్యూజియాలు. ఒక్కోదాని ఎదురుగా ప్రవేశ రుసుము, చాలావాటికి సున్నా. పక్క గడిలో ఎంతసేపు పడుతుందో, ఆ పక్కన ఏ బస్సు ఎక్కాలో. చాలా శ్రద్ధగా చేశాడు. నేనూ అంతే శ్రద్ధగా కూర్చుని అతను వదిలేసినవి మూడు కలిపాను. చరిత్ర, సంస్కృతి అంటే ఇష్టపడే కుర్రవాళ్లు కనిపించడమే తక్కువ కాబట్టి సంతోషంగా కూడా అనిపించింది.

తీరా పంపే ముందు చెయ్యి ఆగిపోయింది. ఆ పద్నాలుగు పేర్లూ వరసగా చూస్తుంటే, ఒకప్పుడు అమ్మతో నేను చేసిన తప్పునే ఇప్పుడు ఇతని చేత చేయిస్తున్నానేమో అనిపించింది.

అమ్మ మొదటిసారి నా దగ్గరికి వచ్చినప్పుడు నగరంలో అందరికంటే పేరున్న మ్యూజియానికి తీసుకెళ్లాను. టికెట్ ఖరీదైనదే. ఎంతో అమ్మకు చెప్పలేదు గానీ, కౌంటర్ మీద రాసిన అంకెలు తనే చదువుకుంది. ఇక అక్కడి నుంచి ఇద్దరం కట్టిన డబ్బు రాబట్టుకునే పనిలో పడ్డాం. ఒక్క గది వదలలేదు. రెండో అంతస్తుకు చేరేసరికి అమ్మకు మోకాళ్లు పట్టేశాయి. "ఇంకా ఎన్ని గదులున్నాయే?" అంది. మ్యాప్ చూసి తొమ్మిది అన్నాను. "సరే పద, డబ్బు కట్టాం కదా" అని లేచింది. ఆ రాత్రి నాన్న ఫోన్ చేసి ఏం చూశావని అడిగితే, "చాలా పెద్దదండీ, కాళ్లు పడిపోయాయి" అంది. ఒక్క వస్తువు పేరు కూడా చెప్పలేదు. నన్ను అడిగి ఉంటే నేనూ చెప్పలేకపోయేదాన్ని.

అమ్మ అలసట ఆమె ఒక్కదానిదే కాదు. బోస్టన్‌లోని మ్యూజియం ఆఫ్ ఫైన్ ఆర్ట్స్‌లో పనిచేసిన బెంజమిన్ ఐవ్స్ గిల్మన్ 1916లోనే దీన్ని 'మ్యూజియం అలసట' అన్నాడు. ఒక మనిషిని ప్రదర్శన గదుల్లోకి పంపి, వస్తువుల గురించి కొన్ని ప్రశ్నలిచ్చి, జవాబులు వెతుక్కోవడానికి అతను ఎలా వంగుతున్నాడో, ఎలా చతికిలబడుతున్నాడో, మెడ ఎలా చాపుతున్నాడో ఫొటోలు తీయించాడు. తప్పు చూసేవాడిది కాదు, వస్తువుల్ని అమర్చిన తీరుదని ఆ ఫొటోలు చూపించాయి. అద్దాల పెట్టెలు మరీ కింద, లేబుళ్లు మరీ చిన్నవి, కూర్చోవడానికి చోటు లేదు. వందేళ్లు దాటాక కూడా ఎన్నో మ్యూజియాల్లో ఇవి మారలేదు. గిల్మన్ మాట నాకు చాలా నచ్చింది. కానీ ఆ రోజు అమ్మను తొమ్మిది గదులు నడిపించింది అద్దాల పెట్టెల అమరిక కాదు, మేం కొన్న టికెట్.

టికెట్ తక్కువగానో, అసలు లేకుండానో ఉన్న మ్యూజియం మనకిచ్చే అతి పెద్ద మేలు డబ్బు మిగలడం కాదని నేను గట్టిగా నమ్ముతున్నాను. నచ్చినప్పుడు వెళ్లి, ఒక్కటంటే ఒక్కటి చూసి, ఏ బాధా లేకుండా అరగంటలో బయటికి వచ్చేయగలగడం ఆ మేలు. ఆ స్వేచ్ఛను వాడుకోకుండా, ఉచితం కాబట్టి రోజుకు నాలుగు చూసేద్దాం అనుకుంటే, డబ్బు కట్టకపోయినా కట్టినట్టే నడుస్తాం.

కండక్టర్ పంచ్

నాకు ఇది చదివి తెలియలేదు, వాన నేర్పింది. మా ఆఫీసుకు రెండు స్టాపుల అవతల నగర చరిత్ర మ్యూజియం ఒకటుంది. ప్రవేశం ఉచితం. ఆ ముందు నుంచి ఏడాదిపాటు రోజూ వెళ్లినా ఎప్పుడూ లోపల అడుగు పెట్టలేదు. ఒక సాయంత్రం గొడుగు లేక, తడవకుండా నిలబడదామని లోపలికి వెళ్లాను. మూసేయడానికి ఇంకో ఇరవై నిమిషాలే ఉందన్నారు.

ఇరవై నిమిషాల్లో అంతా చూడలేనని ముందే తెలుసు కాబట్టి చూద్దామన్న ఆరాటమే లేదు. తలుపుకి దగ్గరగా ఉన్న పెట్టె ముందు నిలబడిపోయాను. అందులో పాతకాలపు ట్రామ్ కండక్టర్ టికెట్లకు చిల్లు పెట్టే ఇత్తడి పంచ్ ఉంది. దాని పిడి ఒక వైపే అరిగి ఉంది, బొటనవేలు ఆనే చోట. ఎన్ని వేల టికెట్లు నొక్కితే ఇత్తడి అలా అరుగుతుంది! వాన తగ్గింది, వచ్చేశాను.

వారం తర్వాత మళ్లీ వెళ్లాను, కావాలనే. ఈసారి పంచ్ పక్కనున్న టికెట్లు చూశాను. ఎంత దూరానికి ఏ రంగో. మూడోసారి గోడ మీది రూట్ మ్యాప్. అది చూస్తూ చూస్తూ ఒక్కసారి గుండె ఝల్లుమంది. నేను రోజూ ఎక్కే బస్సు ఒక చోట తిన్నగా పోవలసింది పోయి, ఏ కారణమూ లేకుండా ఒక వంపు తిరిగి వస్తుంది. ఎందుకలా తిరుగుతుందో ఎవర్నడిగినా "మొదట్నుంచీ అంతే" అనేవాళ్లు. ట్రామ్ మ్యాప్‌లో సరిగ్గా అక్కడే ఆ వంపు ఉంది. పట్టాలు పోయాయి, ట్రాములు పోయాయి, దారి మాత్రం బస్సులకు మిగిలింది. మర్నాడు ఆ వంపు దగ్గర కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాను, ఏదో కొత్త ఊళ్లో ఉన్నట్టు.

నేను అప్పుడు గనక ఖరీదైన టికెట్ కొని ఉంటే పంచ్ ముందు పది సెకన్లు నిలబడి తర్వాతి గదికి పోయేదాన్ని. రెండోసారి, మూడోసారి అనే మాటే ఉండేది కాదు. ఆ గదిలో డ్యూటీ చేసే గార్డు కూడా నాలుగోసారికి గుర్తుపట్టాడు. "ఈ పెట్టె దగ్గర ఇంతసేపు నిలబడేది ఇద్దరేనమ్మా. మీరు, ఇంకో పెద్దాయన. ఆయన చిన్నప్పుడు వాళ్ల నాన్న ట్రాముల్లో పనిచేసేవాడట" అన్నాడు. ఆ పెద్దాయన్ని నేను ఎప్పుడూ చూడలేదు. కానీ వెళ్లినప్పుడల్లా అద్దం మీద వేలిముద్రలుంటే ఆయనవేనేమో అనుకుంటాను.

ఉచితమే, కానీ నిలబడనివ్వలేదు

ఉచిత ప్రవేశం అంటే ఈ స్వేచ్ఛ దానంతటదే వస్తుందా? రాదు. బ్రిటిష్ మ్యూజియం కథే చూడండి. 1753లో పార్లమెంటు చట్టంతో పుట్టి, 1759 జనవరి 15న తలుపులు తెరిచింది. మొదటి రోజు నుంచీ ఉచితమే. కానీ ముందుగా రాతపూర్వకంగా అడిగి టికెట్ తెచ్చుకోవాలి. లోపల చిన్న గుంపుగా, దారి చూపించే మనిషి వెంట నడవాలి. 1784లో బర్మింగ్‌హామ్ నుంచి వచ్చిన విలియం హటన్ అనే పుస్తకాల వ్యాపారికి మామూలుగా టికెట్ దొరక్క, దాదాపు రెండు షిల్లింగులు పోసి ఇంకొకరి దగ్గర కొనుక్కున్నాడు. ఉచిత మ్యూజియానికి బ్లాకులో టికెట్! లోపల ఏదో అడిగితే, అన్నీ చెప్పమంటే ఎలా, చాలావాటి మీద పేర్లు రాసే ఉన్నాయి కదా అని దారి చూపేవాడు విసుక్కున్నాడు. ఆ తర్వాత గుంపులో ఎవరూ నోరెత్తలేదు. ముప్పై రోజులు చూడాల్సిన ఇల్లు ముప్పై నిమిషాల్లో అయిపోయిందని ఆయన బాధపడుతూ రాసుకున్నాడు.

ఆయనది అరగంటే, నాదీ అరగంటే. కానీ ఆయన్ని అరగంటలో బయటికి తోశారు, నేను నా ఇష్టంతో వచ్చాను. ఆయన మళ్లీ మర్నాడు వెళ్లలేడు. మళ్లీ వెళ్లొచ్చన్న ధైర్యం లేకపోతే, టికెట్ లేకపోయినా ఆ అరగంట అరగంటలాగే మిగిలిపోతుంది.

వేళల సంగతీ అంతే. పగలంతా పనిచేసేవాడికి పగటిపూట మాత్రమే తెరిచే ఉచిత మ్యూజియం వల్ల ఒరిగేదేమిటి? లండన్‌లో 1857లో సౌత్ కెన్సింగ్టన్ మ్యూజియం, అంటే ఇప్పటి విక్టోరియా అండ్ ఆల్బర్ట్, మొదలైనప్పుడు దాని మొదటి డైరెక్టర్ హెన్రీ కోల్, గదుల్లో గ్యాస్ దీపాలు పెట్టించి కొన్ని రాత్రులు కూడా తెరిపించాడు. పని దిగి వచ్చేవాళ్లకు ఏ వేళ వీలవుతుందో తెలుసుకోవాలన్నదే ఉద్దేశం. బ్రిటిష్ మ్యూజియం ఆదివారాలు తెరవడానికి మాత్రం 1896 దాకా పట్టింది. అంటే వారానికి ఒకే సెలవున్న కూలీకి, తలుపులు తెరిచిన 137 ఏళ్లకు గానీ ఆ ఉచితం అందలేదు. టికెట్ ఒక్కటే చూసి "అందరికీ అందుబాటులో ఉంది" అనేవాళ్లను చూస్తే నాకు ఈ ఆదివారాలే గుర్తొస్తాయి.

నెలకో రోజు ఉచితం అనే పద్ధతి మీద కూడా నాకు అంత నమ్మకం లేదు. ఇటలీలో 2014 నుంచి ప్రతి నెలా మొదటి ఆదివారం ప్రభుత్వ మ్యూజియాలు ఉచితం. వాటికన్ మ్యూజియాల్లో నెలలో చివరి ఆదివారం. మంచిదే, కాదనను. కానీ ఉచితం ఒక్క రోజుకే కుదిస్తే ఊరంతా ఆ రోజే వస్తుంది. గంటలకొద్దీ క్యూలో నిలబడ్డాక, లోపల ఒక్కటి చూసి వచ్చేయడానికి ఎవరికి మనసొప్పుతుంది? అప్పుడు డబ్బు బదులు కాళ్లతో టికెట్ కొన్నట్టు. దానికంటే మాడ్రిడ్‌లోని ప్రాడో పద్ధతి నాకు నచ్చుతుంది. రోజూ మూసే ముందు రెండు గంటలు ఉచితం. అక్కడా క్యూ ఉంటుంది, కాకపోతే ఇవాళ కాకుంటే రేపు అనుకోవచ్చు.

మళ్లీ రాలేనివాళ్ల మాటేమిటి

నా వాదనలో నన్ను బాగా ఇబ్బంది పెట్టేది ఇది. నాకు రెండు స్టాపుల దూరంలో మ్యూజియం ఉంది కాబట్టి అరగంట, ఒక్క వస్తువు అంటూ మాట్లాడుతున్నాను. జీవితంలో ఒకేసారి ఆ నగరానికి వచ్చేవాళ్ల సంగతేమిటి? అమ్మ సంగతేమిటి? తనకు ఆ మిగతా తొమ్మిది గదులూ చూపించకుండా వెనక్కి తీసుకొచ్చి ఉంటే, "అంత దూరం వెళ్లి సగమే చూశాం" అని తనే బాధపడేదేమో.

దీనికి నా దగ్గర పూర్తి జవాబు లేదు. ఒక అనుభవం మాత్రం ఉంది. కొన్నేళ్ల క్రితం పనిమీద లండన్ వెళ్లాను. ఖాళీగా దొరికింది ఒకే ఒక్క మధ్యాహ్నం. అందరూ బ్రిటిష్ మ్యూజియానికి వెళ్లమన్నారు. పాత ఈజిప్టు లిపిని చదవడానికి దారి చూపిన రోసెట్టా రాయి చూడకుండా ఎలా వస్తావన్నారు. వెళ్లాను. రాయి చుట్టూ జనం, తలల మీదుగా ఫోన్లు. పావుగంటలో బయటపడి, నడిచి వెళ్లేంత దూరంలోనే యూనివర్సిటీ కాలేజ్ లండన్‌కు చెందిన పెట్రీ మ్యూజియం ఉంటే అక్కడికి వెళ్లాను. అదీ ఉచితమే. ఈజిప్టు, సూడాన్‌ల నుంచి వచ్చిన దాదాపు 80 వేల వస్తువుల సేకరణ దానిది. గదులు ఇరుకు, పెట్టెలు పాతవి, వెలుతురు తక్కువ. ఆ వేళ నాతో కలిపి నలుగురో ఐదుగురో ఉన్నాం.

అక్కడ తర్ఖాన్ గౌను అనే ఒక నార చొక్కా ఉంది. ఆ మ్యూజియానికి పేరొచ్చిన పురావస్తు పరిశోధకుడు ఫ్లిండర్స్ పెట్రీ 1913లో ఈజిప్టులో ఒక సమాధి తవ్వినప్పుడు మాసిన గుడ్డల మూటలో కలిసి వచ్చింది. ఆ మూటను అరవై ఏళ్లకు పైగా ఎవరూ విప్పలేదు. 1977లో శుభ్రం చేయడానికి పంపితే అందులోంచి ఈ చొక్కా బయటపడింది. తర్వాత చేసిన కార్బన్ పరీక్షల్లో అది 5 వేల ఏళ్ల నాటిదని, క్రీస్తుపూర్వం 3482కీ 3102కీ మధ్యదని తేలింది. ఇప్పటిదాకా దొరికిన నేసిన దుస్తుల్లో అంత పాతది ఇంకొకటి లేదంటారు. భుజాల మీద సన్నటి కుచ్చులు, మెడ దగ్గర వి ఆకారం. నన్ను కదలకుండా నిలబెట్టింది మాత్రం దాని వయసు కాదు. మోచేతుల దగ్గర, చంకల దగ్గర ముడతలు. సమాధిలో పెట్టడానికి కుట్టింది కాదది, ఎవరో తొడుక్కుని తిరిగినది. చేతులు వంచి ఏదో పని చేసుకున్న మనిషి. చిన్న కొలత, బహుశా ఈడొచ్చీరాని అమ్మాయి. ఆ గుడ్డ ముందు ముప్పావు గంట ఉన్నాను.

మళ్లీ ఆ ఊరు వెళ్లలేదు, వెళ్తానో లేదో తెలియదు. అయినా ఆ మధ్యాహ్నం వృథా అయిందని ఒక్కరోజు కూడా అనిపించలేదు. అమ్మ విషయంలో ఇలాగే జరిగేదని చెప్పలేను. కానీ టికెట్ లేకపోయి ఉంటే, మోకాళ్లు పట్టేసిన చోటే ఆగుదామని నేను ధైర్యంగా అనగలిగేదాన్ని. ఆమె కూడా ఒప్పుకునేది.

మరి డబ్బెవరు పెడతారు

ఉచితంగా ఇస్తే విలువ తెలియదనేవాళ్లతో నాకు పేచీయే. పార్కులోకి టికెట్ లేకుండానే వెళ్తున్నాం, చెట్టు విలువ తగ్గిందా? అయితే మ్యూజియం నడవడానికి డబ్బు కావాలన్న వాదనను మాత్రం అంత తేలిగ్గా తీసిపారేయలేను. పైకప్పు కారితే బాగుచేయాలి, గార్డులకు జీతాలివ్వాలి, గదుల్లో తేమ పెరగకుండా చూసుకోవాలి. న్యూయార్క్‌లోని మెట్రోపాలిటన్ మ్యూజియంలో దాదాపు అర్ధ శతాబ్దం పాటు ఎవరు ఎంతిస్తే అంతే తీసుకునేవారు. 2018 మార్చి నుంచి ఆ రాష్ట్రం బయటివాళ్లకు టికెట్ తప్పనిసరి చేశారు. వాళ్లనీ తప్పు పట్టలేం. స్వీడన్‌లో ప్రభుత్వ మ్యూజియాలను 2005లో ఉచితం చేశారు, ప్రభుత్వం మారాక 2007లో తీసేశారు, 2016లో మళ్లీ తెచ్చారు. ఒక దేశం పదకొండేళ్లలో ఇన్నిసార్లు మనసు మార్చుకుందంటే ఇది తేలిగ్గా తెగే లెక్క కాదనే.

బ్రిటన్‌లో 2001 డిసెంబరులో జాతీయ మ్యూజియాలన్నిటికీ శాశ్వత ప్రదర్శనల టికెట్ ఎత్తేశారు. అంతకుముందు టికెట్ వసూలు చేసిన మ్యూజియాలకు వచ్చేవాళ్లు తర్వాతి పదేళ్లలో రెట్టింపు దాటారు. కొత్తగా పెరిగినవాళ్లలో చాలామంది అంతకుముందూ మ్యూజియాలకు వెళ్లే అలవాటున్న చదువుకున్నవాళ్లే, పేదవాళ్ల వాటా అంతగా పెరగలేదు అన్న విమర్శ కూడా ఉంది. ఆ విమర్శలో నిజముంది. పెద్ద మెట్లు, రాతి స్తంభాలు, యూనిఫాంలో గార్డు. వీటిని చూసి "ఇది మన కోసం కాదేమో" అని వెనక్కి తిరిగేవాళ్లకు టికెట్ సున్నా అని చెప్తే చాలదు. మా మ్యూజియం ముందు నుంచి ఏడాదిపాటు వెళ్లి నేనే లోపలికి పోలేదు. వాన రాకపోతే ఇప్పటికీ పోయేదాన్ని కాదు. అందుకని నేను ఉచితం వద్దనను. ఉచితంతో పాటు ఆ తలుపు కాస్త మామూలు తలుపులా కనిపించాలంటాను. పారిస్ నగర చరిత్ర చెప్పే కార్నవాలె మ్యూజియం శాశ్వత ప్రదర్శనకు టికెట్ లేదు. 2021లో మరమ్మతుల తర్వాత తెరిచినప్పుడు కొన్ని లేబుళ్లలో రోమన్ అంకెలు తీసేసి మామూలు అంకెలు రాశారు. చదువుకున్నవాళ్లు కొందరు గోల చేశారు. పద్నాలుగో లూయీ అని చదవలేక ఒక మనిషి సిగ్గుపడకుండా ఉండేందుకు నాలుగు గీతలు మారిస్తే చరిత్రకు వచ్చిన నష్టమేమిటో నాకర్థం కాలేదు.

ఒక్కటి చూపించు అత్తా

పోయిన సెలవుల్లో అన్నయ్య కూతురు వచ్చింది. ఎనిమిదేళ్లు. మ్యూజియం అనగానే మొహం ముడుచుకుంది. స్కూలు వాళ్లు ఒకసారి తీసుకెళ్లారట, వరసలో నడిపించి ఏదీ ముట్టుకోవద్దన్నారట, బయటికొచ్చాక వ్యాసం రాయమన్నారట. "ఒక్కటి చూసి వచ్చేద్దాం. అది కూడా నువ్వే ఎంచుకో" అన్నాను. "నిజంగా ఒక్కటే కదా అత్తా?" అని రెండుసార్లు అడిగి ఒప్పుకుంది.

అది పంచ్‌ను ఎంచుకోలేదు. దాని వైపు చూడనైనా లేదు. లోపలి గదిలో పాత ఇంటి తాళంచెవి ఒకటుంది, జానెడు పొడవు. దాని ముందు కూర్చుండిపోయింది. ఇంత పెద్ద తాళంచెవి జేబులో ఎలా పెట్టుకునేవాళ్లు, పోతే మళ్లీ ఎవరు చేసిస్తారు, దొంగ దగ్గర కూడా ఇంత పెద్దదే ఉండాలా. నాకు ఒక్కదానికీ జవాబు తెలియదు. గార్డు వచ్చి, అది జేబులో పెట్టుకునేది కాదు, ఇంట్లో ఎప్పుడూ ఎవరో ఒకరు ఉండేవారు కాబట్టి బయటికి తీసుకెళ్లే అవసరమే పడేది కాదు అని చెప్పాడు. అది కాసేపు ఆలోచించి, "అయితే మా ఇంట్లో ఎవరూ ఉండరు కాబట్టి మా తాళంచెవి చిన్నది" అంది. వాళ్లమ్మానాన్నలిద్దరూ ఉద్యోగాలకు వెళ్తారు. గార్డు, నేను మొహాలు చూసుకున్నాం. ఇరవై ఐదు నిమిషాలకు చెయ్యి పట్టుకుని లాగింది, ఇక వెళ్దామని. వచ్చేశాం. రెండు రోజుల తర్వాత తనే అడిగింది, ఇంకొకటి చూడ్డానికి వెళ్దామా అని.

కొత్తబ్బాయికి ఆ పద్నాలుగు పేర్ల షీట్ పంపలేదు. దాని బదులు ఒక్క బస్సు నంబరు, స్టాపు పేరు రాశాను. "శనివారం నాలుగింటికి రా. నేనూ ఉంటాను. అయిదు లోపే బయటికి వచ్చేద్దాం" అన్నాను. "ఒక్కటేనా అక్కా?" అని అడిగాడు. ఒక్కటే అన్నాను. శనివారం వచ్చాడు. నాకంటే ముందే వచ్చి, అప్పటికే రూట్ మ్యాప్ ముందు నిలబడి ఉన్నాడు, తనుండే వీధి ఎక్కడుందో వేలితో వెతుక్కుంటూ.